రెక్కలున్న గ్రీన్‌హౌస్

నవ్వితే నవ్వండి. కాకపోతే చివరిదాకా విని నవ్వండి. మధ్యలో నవ్వితే నాకు కథ తప్పిపోతుంది.

నా పేరు బొహుష్. ఇంటిపేరు స్కోచ్‌దొపొలె. మా భాషలో దానికి 'పొలంలోకి దూకు' అని అర్థం. ఇంటిపేరులోనే ఇంత విడమరిచి హెచ్చరించి పోయిన పూర్వీకులు ఎవరికీ ఉండరు. అయినా వినకుండా విమానం కట్టినవాణ్ని మా వంశంలో నేనొక్కణ్నే.

వృత్తి కట్టుడు పళ్లు చెయ్యడం. బ్ర్నో నగరానికి గంట దూరంలో ఉన్న మా చిన్న ఊళ్లో నవ్వే నోళ్లలో సగం నేను చేసినవే. కనుక నన్ను చూసి నవ్వే నోళ్లలోనూ సగం నా పనితనమే కనిపిస్తుంది. అదొక తృప్తి.

మా ఆవిడ పేరు ద్రహొమీర. ఆ పేరులోనే 'ప్రియం' ఉంది. ప్రియం అంటే ఇష్టమైనదీ అవుతుంది, అందుబాటులో లేనిదీ అవుతుంది. పెళ్లికి ముందు మొదటి అర్థం చూశాను, పెళ్లయ్యాక రెండోది చూస్తున్నాను. తను పోస్టాఫీసు కౌంటర్లో పాతికేళ్లుగా కూర్చుంటోంది. పార్సిలు చేత్తో పట్టుకోగానే బరువు చెప్పేస్తుంది. ఉత్తరం చేతికి రాగానే లోపలి సంగతి చెప్పేస్తుంది. అలాంటి మనిషి దగ్గర ఏడాదిన్నర పాటు విమానం దాచాననుకున్నాను. మీరు ఇక్కడ నవ్వినా ఏమీ అనను.

అసలు దాచాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, నాకొక చరిత్ర ఉంది.

మొదట పడవ కట్టాను. చెరువులో దింపిన రోజున అందులో మా అత్తగారు కూర్చున్నారు. పడవ మాత్రం కూర్చోలేదు, పడుకుంది. తర్వాత నేలమాళిగలో ఆవిరి స్నానాల గది కట్టాను. అది స్నానం కంటే ముందు తనే కాలిపోయింది. ఆ తర్వాత ప్లమ్ పళ్ల సారా కాచే బట్టీ. దాని మూత ఇప్పటికీ పక్కింటి కప్పు మీదే ఉంది. దించడానికి పక్కింటాయన ఒప్పుకోవడం లేదు, వచ్చినవాళ్లకి చూపించుకుంటున్నాడు.

బట్టీ పేలిన మర్నాడు ద్రహొమీర వంటింటి క్యాలెండరు వెనక ఒక ఒప్పందం రాసింది. 'ఇకమీదట తేలేది, కాలేది, పేలేది ఏదీ నా చేతులతో కట్టను.' కింద నేను సంతకం చేశాను. మేడమీద ఉండే అత్తగారు బ్లాజెనా సాక్షి సంతకం చేశారు. చెయ్యి కాలినా, కట్టు కట్టుకున్న చేత్తోనే చేశారు. అంత ఉత్సాహం.

ఎనిమిదేళ్లు బుద్ధిగా ఉన్నాను. పళ్లు తప్ప ఏమీ కట్టలేదు.

ఒకరోజు పైవరస పళ్ల కోసం వచ్చిన పెద్దమనిషి నా దగ్గర ఒక పత్రిక మరిచిపోయాడు. తెరిచాను. అందులో ఒక చిన్న విమానం బొమ్మ. రెండు సీట్లు, తెల్లటి రెక్కలు. ఆరు పెట్టెల్లో ముక్కలు పంపుతారట, మనమే ఇంట్లో, తీరిక వేళల్లో, మన చేతులతో బిగించుకోవాలట.

నా చిన్నప్పుడు మా ఊరి బీట్‌రూట్ పొలాల మీద మందు చల్లే విమానం వచ్చేది. నేను గట్టు మీద నిలబడి చెయ్యి ఊపేవాణ్ని. ఒకసారి ఆ పైలట్ తిరిగి చెయ్యి ఊపాడు. నలభై ఏళ్లయింది. నా చెయ్యి ఇంకా పూర్తిగా కిందికి దిగలేదు.

ఇంటికొచ్చి, క్యాలెండరు తిప్పి ఒప్పందం మళ్లీ చదివాను. విమానం తేలేది కాదు. కాలేది కాదు. పేలేది కాదనే ఆశ. 'ఎగిరేది' అన్న మాట ఎక్కడా లేదు! చట్టం నా పక్షాన ఉందని తేలింది. ఇక మిగిలింది ఆవిడ.

ఆవిడకు మూడేళ్లుగా ఒకటే కోరిక. వాళ్లమ్మ వసంతం రాగానే ఇల్లంతా టమాటా నారు పోస్తారు. కిటికీల్లో టమాటాలు, మెట్ల మీద టమాటాలు, స్నానాల తొట్టిలో టమాటాలు. నేను మార్చి నుంచి మే దాకా పొరుగింట్లో స్నానం చేస్తాను. "తోటలో ఒక గ్రీన్‌హౌస్ పెట్టించకూడదూ?" అని ద్రహొమీర అడుగుతూనే ఉంది.

మేనమామ పోతూ నా పేర రాసిన ద్రాక్షతోట వాటా అమ్మేసి, నా మోటారు సైకిలు కూడా అమ్మేసి, ఆదివారం భోజనాల దగ్గర ప్రకటించాను.

"గ్రీన్‌హౌస్ కిట్ తెప్పిస్తున్నాను. షెడ్డులో నేనే బిగిస్తాను."

ద్రహొమీర గరిటె కింద పెట్టింది. "నిజంగా?"

"నీ కోరిక తీర్చకపోతే ఎలా?"

"ఇది తేలేది, కాలేది, పేలేది కాదు కదా?"

"టమాటాల ఇల్లు పేలుతుందా ఎక్కడైనా!"

అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. "అల్లుడూ, పాతికేళ్లలో నువ్వు నాకోసం చేసిన మొదటి మంచిపని ఇదే" అన్నారు. నా గుండె కాస్త కలుక్కుమంది. కానీ విమానం అంటే మాటలా! కలుక్కుమనే గుండెను అణిచేసి ఇంకో ముద్ద వడ్డించుకున్నాను.

పెట్టెలు వచ్చిన రోజు నేను దుకాణంలో ఉన్నాను. వచ్చేసరికి ఆరు పెట్టెలూ షెడ్డులో ఉన్నాయి. అదృష్టవశాత్తూ విమానం బొమ్మ ఉన్న వైపు గోడకి తిరిగి ఉంది. దేవుడే తిప్పాడనుకున్నాను. ఎవరు తిప్పారో తెలుసుకోవడానికి నాకు పదిహేడు నెలలు పట్టింది.

పని మొదలైంది. పదకొండు వేల రివెట్లు. దవడలో పన్ను అమర్చినంత శ్రద్ధగా ఒక్కొక్కటే కొట్టాను. పళ్లు చేసే చేతులు కదా, రెక్క అంచు చూసి మీరే లొట్టలు వేసేవారు. పగలు దుకాణంలో పళ్లు, సాయంత్రం షెడ్డులో రెక్కలు. ఒకసారి పొరపాటున ఒక ముసలాయన దవడకి కొలతలు మిల్లీమీటర్లలో కాక 'ముక్కు నుంచి తోక దాకా' అని రాసేశాను.

ద్రహొమీర అప్పుడప్పుడూ షెడ్డులోకి వచ్చి, చేతులు కట్టుకుని చూసేది.

"గ్రీన్‌హౌస్ ఇంత పొడుగా ఉంటుందా?"

"టమాటాలు వరసగా పెట్టుకోవచ్చు."

"పక్కన ఈ రెండూ ఏమిటి?"

"నీడ పలకలు. ఎండ ఎక్కువైతే మొక్కలకి నీడ."

"చక్రాలు?"

"ఎండ ఎటు తిరిగితే అటు తోసుకోవచ్చు."

"వెనకాల తోక?"

"తోకంటావేమిటి? గాలి ఎటునుంచి వస్తోందో చూపిస్తుందది."

"లోపల సీటు?"

"మీ అమ్మ మొక్కల దగ్గర కాసేపు కూర్చుంటారని."

"రెండున్నాయి."

నాకు చెమటలు పట్టాయి. "రెండోదాంట్లో... నేను కూర్చుంటాను. మీ అమ్మతో కబుర్లు చెబుతూ."

ద్రహొమీర వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "మా అమ్మతోనా? జ్వరం కూడా లేదే!" అంటూ వెళ్లిపోయింది.

ఎంత అమాయకురాలో అనుకుని, లోలోపల జాలిపడ్డాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ, ప్రపంచమంతా చీకటనుకుంటుంది చూడండి, సరిగ్గా ఆ పిల్లినే నేను.

ఆ రోజుల్లోనే ఇంకో విచిత్రం జరిగింది. ఆవిడ వంట మారింది. అంతకుముందు ఆదివారం మాత్రమే ఉండే పంది మాంసం, పుల్ల క్యాబేజీ, క్నెడ్లీకీ ముద్దలు వారానికి నాలుగు రోజులు వచ్చేశాయి. మీకు మా క్నెడ్లీకీ తెలుసుగా, పిండి ఉడికించి కోసిన ముద్దలు. మనిషి రెండు తింటే కుర్చీలో ఉంటాడు, నాలుగు తింటే కుర్చీయే అవుతాడు. నాకు ఎనిమిది వడ్డించేది.

"కష్టపడుతున్నావు, తిను."

"వద్దులేవే."

"నాకోసం గ్రీన్‌హౌస్ కడుతున్నావు, నీకోసం నేను ముద్దలు కూడా వెయ్యొద్దా?"

ఇక ఎలా కాదంటాను? అబద్ధమాడిన ప్రతిసారీ మనసు పీకేది, మనసు పీకిన ప్రతిసారీ ఇంకో ముద్ద మింగేవాణ్ని. అలా అబద్ధానికో ముద్ద చొప్పున పెరుగుతూ వచ్చాను. సాయంత్రం గసగసాల రొట్టెలు, పొద్దున్నే వెన్న రాసిన తీపి బన్నులు. పాతికేళ్ల కాపురంలో లేని ప్రేమ. ప్యాంటు గుండీలు రెండు రివెట్లలా ఎగిరిపోయాయి.

విమానం కట్టుకుంటే సరా? నడపడం కూడా రావాలిగా. ఊరి బయట గడ్డి రన్‌వే ఉన్న చిన్న విమానాల క్లబ్బుంది. అక్కడ నేర్పేది, నాలాంటివాళ్లు కట్టుకున్న విమానాలను తనిఖీ చేసేది ఒకే మనిషి, పొస్పీషిల్ గారు. ఆ ఇంటిపేరుకి 'తొందరపడ్డాడు' అని అర్థం. ఆయన పుట్టినప్పటి నుంచి తొందరపడ్డ పాపాన పోలేదు. కాఫీ కప్పు పెదవి దగ్గరికి చేరేలోగా చల్లారిపోతుంది. ఏం అడిగినా ఒకే జవాబు.

"తొందరేముంది?"

శనివారాలు పుట్టగొడుగులు ఏరడానికి అడవికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, క్లబ్బుకి వెళ్లేవాణ్ని. వచ్చేటప్పుడు బజార్లో పుట్టగొడుగులు కొనుక్కొచ్చేవాణ్ని.

ఫిబ్రవరిలో ఒకరోజు ద్రహొమీర బుట్ట చూసింది. "బయట మోకాలు లోతు మంచు. ఇవెక్కడ దొరికాయి?"

"మంచు కింద."

"కాగితం చుట్టుకుని మొలిచాయా?"

"చలికి," అన్నాను.

"పాపం," అని పుట్టగొడుగుల మీద జాలిపడి, నాకు రెండు ముద్దలు ఎక్కువ వేసింది.

నేర్చుకోవడం మాత్రం నేర్చుకున్నాను. పదిహేడు సార్లు ఒంటరిగా దిగాను, అందులో పన్నెండు సార్లు రన్‌వే మీదే దిగాను. మిగిలిన అయిదు సార్లూ పక్కనున్న పొద్దుతిరుగుడు తోటలో. మూడోసారి దిగినప్పుడు పొస్పీషిల్ గారు నింపాదిగా నడుచుకుంటూ వచ్చి, నా లైసెన్సు దరఖాస్తు మీద ఇంటిపేరు మరొకసారి చదివి, "ఇప్పుడర్థమైంది" అన్నారు. ఏదైతేనేం, మూడో పరీక్షలో గట్టెక్కాను.

రెండో వసంతం వచ్చింది. విమానం ఇంజను మినహా పూర్తయింది. పైలట్ సీట్ల మీద అద్దాల మూత బిగించిన మర్నాడు షెడ్డులోకి వెళ్లి చూద్దును కదా, లోపల అరవై రెండు టమాటా మొక్కలు! పైలట్ సీట్లో ఇరవై, పక్క సీట్లో ఇరవై, కాళ్లు పెట్టుకునే చోట మిగిలినవి. స్టీరింగు కర్రకి చిక్కుడు తీగ కట్టి ఉంది. అత్తగారు కొత్త ఏప్రాన్ కట్టుకుని, చిన్న డబ్బాతో నీళ్లు పోస్తున్నారు.

"అత్తయ్యా, ఇంకా పని అవలేదండీ!"

"నా వంతు అయింది నాయనా. ఎంత వెచ్చగా ఉందో! ఈ గడియారాలన్నీ ఏమిటి?"

"అవి... తేమ చూపిస్తాయి."

"ఈ ఎర్ర మీట?"

"ముట్టుకోకండి!"

"పురుగుల మందా?"

"అవునండీ, పురుగుల మందు."

మే మధ్యలో వచ్చే చివరి చలి దాటేదాకా ఒక్క కుండీ కూడా కదపనివ్వనన్నారు. సరిగ్గా ఆ వారమే తనిఖీకి పొస్పీషిల్ గారు వచ్చారు. గేటు నుంచి షెడ్డుకి ఇరవై అడుగులు. ఆయన చేరేలోగా నాలుగు కుండీలైనా దాచొచ్చనుకున్నాను. కానీ అత్తగారు ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, తన మొక్కల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు.

పొస్పీషిల్ గారు అద్దంలోంచి లోపలికి చూశారు. జేబులోంచి జాబితా తీశారు. ఒక్కొక్క గీతా చదువుకున్నారు.

"టమాటాలు ఇందులో లేవు," అన్నారు.

"తాత్కాలికమండీ."

"గాలిలోకి వెళ్లేలోగా తీసేస్తారా?"

నేను అత్తగారి వైపు చూస్తూ గట్టిగా దగ్గాను. "గాలిలోకి పెట్టేలోగా, అంటే తోటలో నాటేలోగా, తీసేస్తాం!"

పొస్పీషిల్ గారు నన్ను చూశారు, అత్తగారిని చూశారు, గుమ్మంలో నిలబడ్డ ద్రహొమీరని చూశారు. చూసి, వంగి, రివెట్ల మీద వేలు రాస్తూ నాలుగు గంటలు గడిపారు. "పళ్లు చేసేవాడి పనిలా ఉంది," అన్నారు చివరికి. అది మెచ్చుకోలని తర్వాత తెలిసింది. వెళ్తూ వెళ్తూ ద్రహొమీరతో, "బుధవారం కలుద్దాం," అన్నారు.

"బుధవారం ఏమిటి?" అని అడిగాను.

"పోస్టాఫీసుకి వస్తానన్నాడులే. స్టాంపులకి," అంది. నమ్మాను. నేను చెప్పే అబద్ధాల ధ్యాసలో పడి, ఎదుటివాళ్లు కూడా అబద్ధం ఆడగలరన్న సంగతే మరిచిపోయాను.

జూన్‌లో ఇంజను బిగించాను. దాన్ని ఒకసారి నడిపి చూడాలి. షెడ్డులోంచి విమానాన్ని వెనక్కి తోసుకొచ్చి, తోక తోట వైపు ఉండేలా నిలబెట్టి, చక్రాలకి ఇటుకలు పెట్టి, ముక్కున ఉన్న ప్రొపెల్లర్‌ని సరిచూసుకున్నాను. ద్రహొమీర వంటింట్లో ఉంది. అత్తగారు మేడమీద కునుకు తీస్తున్నారు. అదే అదను అనుకున్నాను.

ఒక్కటే మరిచిపోయాను. అత్తగారు ఆ పొద్దున్నే తన బాతు ఈకల పరుపులు రెండూ తోటలో తీగ మీద ఎండకి వేశారు. ఎలకలు కొరికిన చోట కుట్టడానికి ఒక వైపు విప్పి మరీ వేశారు.

మీట నొక్కాను. ఇంజను గర్జించింది. ఆహా, ఎంత తియ్యటి గర్జన! కళ్లు మూసుకుని ఇంకాస్త వేగం పెంచాను. తెరిచి చూస్తే ప్రపంచం తెల్లగా ఉంది.

తోటంతా ఈకలు. చెర్రీ చెట్టు మీద ఈకలు, వీధి మీద ఈకలు, ఎదురింటి పెళ్లి కారు మీద ఈకలు. పక్కింటి తిఖీ గారు కప్పు మీద బట్టీ మూత తుడుస్తున్నారు. ఆయన ఇంటిపేరుకి 'మౌని' అని అర్థం, మా ఊరికి ఆయనే మైకు.

"జూన్‌లో మంచు! జూన్‌లో మంచు! స్కోచ్‌దొపొలె ఏదో పేల్చాడు!" అని ఆయన అరుస్తుంటే నోట్లోకి ఈక వెళ్లి, నేను చేసిన పళ్లు ఊడి తోటకూర మడిలో పడ్డాయి. అదొక్కటే ఆ రోజు నాకు కలిగిన ఊరట.

మేడమీద కిటికీలోంచి అత్తగారు తల బయటపెట్టారు. "అల్లుడూ! నా పరుపులు!"

వంటింటి తలుపు తెరుచుకుంది. ద్రహొమీర వచ్చింది. జుట్టు నిండా ఈకలు. తేలు కుట్టిన దొంగలా మీట దగ్గర నిలబడ్డాను. అంతా అయిపోయింది, ఇక చెప్పెయ్యాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

ద్రహొమీర నా ముఖంలోకి చూస్తూ కాసేపు ఆగింది. ఏదో వినాలని ఎదురుచూస్తున్నట్టు ఆగింది.

"ఇది... గ్రీన్‌హౌస్ ఫ్యాను," అన్నాను.

ఆవిడ ముఖంలో ఏదో ఆరిపోయినట్టయింది. వెంటనే మామూలుగా అయిపోయింది. "బాగుంది. కాస్త వేగం తగ్గించు, మొక్కలకి జలుబు చేస్తుంది," అని లోపలికి వెళ్లింది. ఆ రోజు పది ముద్దలు వేసింది. తిన్నాను, కానీ ఎందుకో రుచి తెలియలేదు.

ఆగస్టు వచ్చింది. పూర్తయిన విమానాన్ని రన్‌వే దగ్గరికి తరలించాలి. తోటలో ఉండాల్సిన గ్రీన్‌హౌస్‌ని రెక్కలు విప్పి లారీ ట్రాలీ మీద ఊరి బయటికి ఎందుకు తీసుకెళ్తున్నాననేది ప్రశ్న. రెండు రోజులు ఆలోచించి జవాబు కనిపెట్టాను.

"జిల్లా కూరగాయల ప్రదర్శన. క్లబ్బు మైదానంలో. మన గ్రీన్‌హౌస్‌ని పోటీకి పెడుతున్నాను."

"అయితే మేమూ వస్తాం," అంది ద్రహొమీర.

"నా టమాటాలు కూడా పోటీకే!" అన్నారు అత్తగారు. "ఆ గ్రీన్‌హౌస్ నారే కదా!"

అలా నా జీవితంలో మొదటిసారి ఎగరబోయే రోజున, సొంత విమానం వెనక, పెళ్లాం హ్యాండ్‌బ్యాగుతో, అత్తగారు రెండు బుట్టల టమాటాలతో, తిఖీ గారు జాతరల్లో వాడే మైకుగొట్టంతో, వాళ్ల వెనక ఊరు ఊరంతా బయల్దేరారు. ఎవరికీ చెప్పొద్దని తిఖీ గారికి ముందురోజు చెప్పడం నా పొరపాటు.

మైదానంలో రెక్కలు బిగించాం. తెల్లగా, నున్నగా, ఎండలో మెరుస్తూ నిలబడింది. చెప్పొద్దూ, నేను దాని చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చాను. అత్తగారు మాత్రం చుట్టూ చూసి, "న్యాయనిర్ణేతలు ఏరీ?" అన్నారు.

పొస్పీషిల్ గారు మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి విమానాన్ని తూచారు. గంటన్నర పట్టింది. రాసుకున్నారు. కళ్లజోడు తుడుచుకున్నారు. తర్వాత నాలుగో కాటా చూపించారు.

"ఇప్పుడు పైలట్."

"నన్నెందుకు?"

"సీటు మీద రాసుంది చూడలేదా? ఒక్కో సీటుకి వంద కిలోలు. అంతకు మించితే ఎక్కనివ్వను."

కిట్ తెప్పించేనాటికి నేను తొంభై ఒక్క కిలోలు. ధైర్యంగా ఎక్కాను.

"నూట పద్నాలుగు!" అని తిఖీ గారు మైకుగొట్టంలో ప్రకటించారు. "నూట పద్నాలుగు కిలోల స్కోచ్‌దొపొలె!"

కోటు తీశాను. బూట్లు తీశాను. బెల్టు, గడియారం, తాళాలు, జేబులో ఉన్న నమూనా దవడ తీశాను.

"నూట పదకొండు!"

చొక్కా తీశాను. ప్యాంటు తీశాను. పెళ్లి ఉంగరం లాగాను, రాలేదు. ముద్దల ప్రేమకి వేలు కూడా ఉబ్బింది. ఊరంతా చూస్తుండగా చారల నిక్కరుతో కాటా మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"నూట తొమ్మిదిన్నర! ఇంకా నిక్కరుంది!"

"చాలు," అన్నారు పొస్పీషిల్ గారు. "నిక్కరు తొమ్మిదిన్నర కిలోలుండదు."

"తొమ్మిదిన్నరేగా! కొంచెం చూసీ చూడనట్టు..."

"తొందరేముంది? తగ్గాక రండి."

నిక్కరుతో గడ్డిలో కూలబడ్డాను. పదిహేడు నెలలు, పదకొండు వేల రివెట్లు, నలభై ఏళ్ల కోరిక. కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వుతున్నవాళ్లు కూడా కాస్త తగ్గారు.

ద్రహొమీర వచ్చి నా పక్కన నిలబడింది. కోటు తీసి నా మీద కప్పింది.

"ఏమిటిది, బొహుష్?" అని మెల్లగా అడిగింది.

"విమానం," అన్నాను. మొదటిసారి నోటి వెంట నిజం వచ్చింది. "గ్రీన్‌హౌస్ కాదు. ఎప్పుడూ కాదు. నీతో అబద్ధం ఆడాను."

"హమ్మయ్య," అంది. "పదిహేడు నెలలు పట్టింది నీకు ఈ ఒక్క మాటకి."

"నీకు తెలుసా?"

"పెట్టెలు దింపించుకున్నది ఎవరనుకున్నావు? డ్రైవరు నా చేతే సంతకం పెట్టించుకున్నాడు. కాగితం మీద ఇంత లావు అక్షరాలతో 'విమానం, ఆరు పెట్టెలు' అని ఉంది. బొమ్మల వైపు గోడకి తిప్పించింది నేనే. నువ్వు చెప్పేదాకా ఆగుదామనుకున్నాను. రోజూ ఒక ముద్ద వేసేదాన్ని, ఈ ముద్దకైనా చెబుతాడేమోనని చూసేదాన్ని. చెప్పేవాడివి కాదు. ఇంకోటి వేసేదాన్ని."

"అయితే ముద్దలు..."

"సీటు మీద రాసింది నేనూ చదివానుగా. పాతికేళ్లుగా పార్సిళ్లు తూచినదాన్ని, నీ బరువు నాకు తెలియదా? నిజం చెప్పనివాడు ఎగరకూడదని నేనే అనుకున్నాను. పోయిన నెలకల్లా వంద దాటించాలనుకున్నాను, నువ్వు మేలోనే దాటేశావు."

"నన్ను చంపకుండా చంపావు కదే!"

"పడవలో మా అమ్మని కూర్చోబెట్టినవాడివి నువ్వు. దీంట్లో నిన్ను కూర్చోబెట్టడానికి నాకు గుండె ఒప్పలేదు. పొస్పీషిల్ గారిని బతిమాలుకోవడానికి వెళ్లాను, నిన్ను ఆపమని. ఆయన ఏమన్నాడో తెలుసా? 'తొందరేముంది, ముందు మీరొకసారి ఎక్కి చూడండి' అన్నాడు."

"ఎక్కావా?"

ద్రహొమీర హ్యాండ్‌బ్యాగు తెరిచింది. అందులోంచి దువ్వెన తీసింది, రుమాలు తీసింది, సగం తిన్న బిస్కెట్ పొట్లం తీసింది, చివరికి ఒక కార్డు తీసి పొస్పీషిల్ గారికి ఇచ్చింది. పైలట్ లైసెన్సు. దాని మీద ఆవిడ ఫొటో, నవ్వుతూ.

"బుధవారాలు," అన్నాను.

"బుధవారాలు," అన్నారు పొస్పీషిల్ గారు. "అరవై ఆరు సార్లు దిగారు. అరవై ఆరూ రన్‌వే మీదే."

"మీరైనా నాతో చెప్పొచ్చుగా!"

"మీరు అడగలేదుగా."

ద్రహొమీర కాటా ఎక్కింది. హ్యాండ్‌బ్యాగుతో సహా.

"అరవై మూడు!" అన్నారు తిఖీ గారు. ఊరంతా చప్పట్లు కొట్టింది.

నేను లేచి, నిక్కరుతోనే వెళ్లి రెక్కలు తడిమి చూశాను, చక్రాలు చూశాను, ఇంధనం చూశాను, ఆవిడ బెల్టు నేనే బిగించాను. బిగించిన బెల్టునే మళ్లీ రెండుసార్లు లాగి చూశాను.

"భయంగా ఉందా?" అని అడిగింది.

"కట్టింది నేను కదా. అందుకే."

"నేనూ చూశాను నీ పని. నువ్వు లేనప్పుడు ఒక్కో రివెట్టూ చూశాను. ఇంత బాగా నువ్వు ఏదీ కట్టలేదు, బొహుష్." అద్దాల మూత వేసేసుకుంది.

ఇంజను అందుకుంది. గడ్డి మీద పరిగెత్తింది. చక్రాలు నేల వదిలాయి. వదిలాయండీ! నేను కొట్టిన పదకొండు వేల రివెట్లూ, నా మేనమామ ద్రాక్షతోటా, నా పెళ్లామూ కలిసి ఆకాశంలోకి వెళ్లిపోయాయి. ఎప్పుడు ఏడ్చానో నాకు తెలియదు. ప్యాంటు వేసుకోలేదన్న సంగతి కూడా తెలియదు.

నా పక్కన అత్తగారు నోరు తెరుచుకుని నిలబడ్డారు. ఊరందరిలో చివరిదాకా నమ్మింది ఆవిడొక్కరే.

"అల్లుడూ, గ్రీన్‌హౌస్ ఎగిరిపోతోంది!"

"అవునండీ, అత్తయ్యా."

"మరి నా టమాటాలకి బహుమతి ఎవరిస్తారు?"

పొస్పీషిల్ గారు ఒక టమాటా అందుకుని, నెమ్మదిగా తుడిచి, నెమ్మదిగా కొరికి, నెమ్మదిగా నమిలి, "మొదటి బహుమతి," అన్నారు. ఆయన అంత త్వరగా నిర్ణయం తీసుకోవడం ఎవరూ ఎరగరు.

ఇరవై నిమిషాల తర్వాత ద్రహొమీర దిగింది. రన్‌వే మధ్యలో, గీత గీసినట్టు. మూత తెరిచేసరికి ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖం చూసి నా కోపమంతా కరిగిపోయింది. నాకు కోపమంటూ ఉందని కూడా అప్పుడే తెలిసింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"కింద చూస్తే మన ఊరు అగ్గిపెట్టెంత. తిఖీ గారు అసలు వినపడలేదు." దిగి, చేతి తొడుగులు విప్పింది. "కాకపోతే కొంచెం ఎడమకి లాగుతోంది. శనివారానికి సరిచెయ్యి. అమ్మని తీసుకుని సముద్రానికి వెళ్తున్నాను. పాపం, పుట్టి బుద్ధెరిగి చూడలేదు."

"సీట్లు రెండే!"

"ఉన్నది ఇద్దరమేగా."

"మరి నేను?"

"నువ్వు రైల్లో రా. సూట్‌కేసులకి విమానంలో చోటు లేదు."

శనివారానికి సరిచేశాను. ఏమాటకామాట, ఎడమకి లాగడం పూర్తిగా పోయింది. సోమవారం నేను మూడు సూట్‌కేసులు, ఒక గొడుగు, అత్తగారి కొత్త పరుపు పెట్టుకుని దక్షిణం వైపు వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. సరిహద్దు దాటాక కొండల మీదుగా ఒక చిన్న తెల్లటి విమానం వచ్చి, మా రైలుతో పాటు కాసేపు ఎగిరి, తేలిగ్గా దాటేసి ముందుకి వెళ్లిపోయింది.

ఎదుటి సీటు పెద్దాయన మెచ్చుకుంటూ తలూపాడు. "ఎంత ముచ్చటగా ఉందో! ఎవరిదో ఏమో!"

"మాదే," అన్నాను, ఛాతీ కాస్త ముందుకి వచ్చింది. "నడిపేది మా ఆవిడ. పక్కన మా అత్తగారు."

పెద్దాయన విమానాన్ని చూశాడు, నన్ను చూశాడు, నా చుట్టూ ఉన్న సూట్‌కేసుల్ని చూశాడు.

"మరి మీరో?"

"నేనా?" అన్నాను. "నేను వాళ్ల సామాను."